జుల్ఫియే తాగని కాఫీ

మా ఊరి జైలుకి వచ్చే ప్రతి పీతే రొట్టే జుల్ఫియే కత్తి కింద పడాల్సిందే. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆమె ఉద్యోగం అదే. ఖైదీల ఇళ్ల నుంచి వచ్చే మూటలు విప్పడం, మేజోళ్లు తిరగేయడం, సబ్బు విరిచి చూడడం, పొరలు పొరలుగా పిండి పరిచి మధ్యలో గుమ్మడో పాలకూరో కూరి కాల్చిన పీతేని కోసి లోపల ఫోనూ బ్లేడూ లేవని తేల్చుకోవడం. మిగతా గార్డులు పైనుంచి నాలుగు పోట్లు పొడిచి లోపలికి తోసేసేవాళ్లు. జుల్ఫియే మాత్రం దాన్ని పళ్లెం మీద బోర్లించి, అడుగు వైపు నుంచి పొర వెంట కోసి, వేళ్లతో తడిమి, మళ్లీ తిరగేసి పెట్టేది. పైపొర చెక్కు చెదిరేది కాదు.

"దీనికింత సేవ అవసరమా?" అని ఒక గార్డు ఎగతాళి చేస్తే, "నీ పెళ్లికి వండిన పీతేని నాలుగు పోట్లు పొడిచి పెడితే తినేవాడివా?" అంది. తర్వాత ఆ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నోరు ఉన్న మనిషే కానీ, ఊరి గొడవల్లో తలదూర్చే మనిషి కాదు. అలాంటి మనిషి నలభై తొమ్మిదో ఏట ఊరంతా తన వైపు తిరిగి చూసేలా చేసిందంటే దానికి కారణం డెన్మార్కు.

డెన్మార్కులో జైళ్లు నిండిపోయాయట. అక్కడ నేరాలు చేసిన పరదేశీయుల్ని, శిక్ష పూర్తయ్యాక ఎలాగూ వాళ్ల దేశాలకి పంపేయాల్సినవాళ్లని, మన కొసావోలో ఉంచుతారట. అందుకు మన ఊరి జైలుని అద్దెకి తీసుకుంటారట. టీవీ పెడితే అదే, మంగలి దగ్గర అదే, మిరపకాయలు కాల్చే పెరళ్లలోనూ అదే. అది శరత్కాలం. ఊళ్లో ప్రతి ఇంటా చలికాలం కోసం ఎర్ర మిరప పచ్చడి ఉడుకుతోంది. ఆ పొగలో కళ్లు నులుముకుంటూనే జనం రెండు పార్టీలుగా చీలిపోయారు.

"కోట్ల యూరోలు వస్తాయి, కాదంటే మనంత వెర్రివాళ్లు ఉండరు," అనేది ఒక పార్టీ.

"ఇంకొకడి చెత్తబుట్ట అవడానికా మనం స్వతంత్రం తెచ్చుకున్నది?" అనేది రెండోది.

జుల్ఫియే భర్త సాద్రికి కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఆయన ఏ పార్టీ కాదు, ఆయనది నవ్వే పార్టీ. "దేశానికి మంచి వ్యాపారం దొరికింది. గేటుకి బోర్డు తగిలించాలి, గదులు అద్దెకివ్వబడును, స్నానానికి వేడినీళ్లు కలవు అని," అనేవాడు.

జుల్ఫియే నవ్వలేదు. ఇంత గొడవలోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఆమెను తొలిచేస్తోంది. జైలు ఖాళీగా ఇవ్వాలంటే, ఇప్పుడు అందులో ఉన్న నూట పన్నెండు మంది ఎక్కడికి పోతారు? జవాబు ఆఫీసు కాగితంలో ఒక్క వాక్యంలో ఉంది. దేశానికి పడమటి కొసన ఉన్న జైలుకి. ఆ జైల్లో ములాఖత్ శనివారం పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు వరకే. మా ఊరి నుంచి మూడు బస్సులు మారి వెళ్తే మధ్యాహ్నం పన్నెండుకి చేరతారు. అంటే కారు లేనివాళ్లు బిడ్డని చూసుకోలేరన్నమాట, అంతే. దాన్ని మెత్తగా చెప్పడానికి వేరే దారి లేదు.

ఇది ఆమెకి ఎందుకు అంత గుచ్చుకుందో తెలియాలంటే ఆమె చిన్నతనంలోకి వెళ్లాలి. యుగోస్లావియా రోజుల్లో, నిరసన ఊరేగింపులో నడిచాడని ఆమె తండ్రిని ఏడేళ్లు లోపల వేశారు. వేసింది ఇక్కడ కాదు, రైల్లో రెండు రోజుల దూరంలో, ఉత్తరాన. ఆ ఏడేళ్లలో తల్లి రెండుసార్లు చూసి రాగలిగింది. పిల్లల్ని ఒక్కసారీ తీసుకెళ్లలేకపోయింది. జుల్ఫియేకి పదమూడేళ్లప్పుడు ఒక సన్నటి మనిషి గుమ్మంలో నిలబడితే, "మా అమ్మ పొలంలో ఉందండీ, కూర్చోండి," అని కుర్చీ వేసింది. ఆయన చుట్టంలా ఆ కుర్చీ అంచున కూర్చున్నాడు. కన్నతండ్రిని అండీ అని పిలిచిన ఆ మాట ఆమె జన్మలో మర్చిపోలేదు, తనని తాను క్షమించుకోనూ లేదు.

అందుకే నాజియే గేటు దగ్గర పీతే మూట పట్టుకుని ఏడుస్తుంటే జుల్ఫియే ఆఫీసు గదిలో కూర్చోలేకపోయింది.

నాజియేకి డెబ్భై రెండేళ్లు. మోకాళ్లు పోయాయి, నోరు మాత్రం పోలేదు. కొడుకు ఆర్బర్ కొట్లాటలో ఒకడి తల పగలగొట్టి లోపలికి వెళ్లాడు, ఇంకా నాలుగేళ్లుంది. తల్లి వయసు ఆడవాళ్లని మా వైపు అందరూ లోకే అంటారు.

"ఏడిస్తే ఏం వస్తుంది లోకే? పద, బెచిర్ దగ్గరికి పోదాం," అంది జుల్ఫియే.

"ఆ నవ్వు మొహంగాడి దగ్గరికా?"

"వాడి దగ్గరికే. వాడి చెయ్యి కావాలిప్పుడు వాళ్లకి."

బెచిర్ మా ఊరి నుంచి పార్లమెంటుకి వెళ్లినవాడు, ప్రతిపక్షం మనిషి. ఈ ఒప్పందం ఖాయం కావాలంటే నూట ఇరవై మందిలో ఎనభై చేతులు లేవాలి. ఒకసారి ఓటింగు పెడితే చేతులు చాలక వాయిదా పడింది. ప్రభుత్వం ఇప్పుడు ఒక్కొక్క చేతినీ లెక్కపెట్టుకుంటోంది. బెచిర్ అవుననడు, కాదనడు. రెండు వైపులా ఫోన్లు మోగుతుంటే ఆ రుచి మరిగాడు.

ఇద్దరూ ఆదివారం పొద్దున్నే వెళ్లారు. బెచిర్ వాళ్లని ఓదాలోకి, అంటే వాళ్ల తాత కట్టించిన అతిథుల గదిలోకి పిలిచి, పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు. కాఫీ వచ్చింది. జుల్ఫియే ముట్టుకోలేదు.

"ఏం చెల్లెమ్మా, చల్లారిపోతోంది?"

"చల్లారనీ అన్నా. నువ్వు మాటిస్తే తాగుతాం."

బెచిర్ మొహంలో నవ్వు ఆగిపోయింది. మాలో అది చిన్న మాట కాదు. ఒక ఇంటికి పెద్ద కోరిక అడగడానికి వెళ్లినవాడు కాఫీ ముట్టకుండా కూర్చుంటాడు. పిల్లనివ్వమనో, చంపినవాణ్ణి క్షమించమనో. మాటిస్తేనే తాగుతాడు. ఇవ్వకపోతే నిండు కప్పు వదిలి లేచిపోతాడు, ఆ అవమానం ఆ ఇంటి మీద ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ ఓదాలోనే బెచిర్ తాత ముందు మీసాల మగాళ్లు అలా గంటలు గంటలు కూర్చున్నారు. ఆడవాళ్లు కూర్చోవడం అదే మొదలు.

"సరే, ఏం కావాలి?"

"డెన్మార్కు వాళ్లు రానీ, పోనీ. అది మీరూ మీరూ తేల్చుకోండి. కానీ మనవాళ్లని పడమటికి పంపితే రెండు వారాలకోసారి ఇక్కణ్ణుంచి ఒక బస్సు వెయ్యాలి. పొద్దున్న తొమ్మిదికల్లా ఆ గేటు దగ్గర ఉండాలి. ఆ మాట ఒప్పందంతో పాటు రాతలో ఉంటేనే చెయ్యి లేపుతానని నువ్వు..."

అప్పుడు వినబడింది చప్పుడు. సుర్రుమని.

నాజియే. పాపం, తెల్లవారకముందే లేచింది, చలి, పొయ్యి వెచ్చదనం, ఎదురుగా నురగ కట్టిన కాఫీ. రోజుకి ఏడు కప్పులు తాగే చెయ్యి దానంతట అదే వెళ్లిపోయింది. కప్పు పెదాలకి ఆనాక గాని ఆమెకి తెలివి రాలేదు. అలాగే బిగుసుకుపోయింది.

బెచిర్ తొడ చరిచి పగలబడి నవ్వాడు. "తాగేశారు! ఒక్కరు తాగితే అందరూ తాగినట్టే చెల్లెమ్మా. ఇంక మీరు అడగడానికి వచ్చినవాళ్లు కాదు, చూసిపోదామని వచ్చిన చుట్టాలు. ఏమే, మిఠాయి పట్రా!"

మిఠాయి తిని రావాల్సి వచ్చింది.

దారిలో నాజియే తన కుడి చేతిని ఎడమ చేత్తో కొట్టుకుంటూ నడిచింది. "విరిగిపోను ఈ చెయ్యి! కొడుకుని ఒక గుక్కకి అమ్మేశానే బిడ్డా!"

"ఊరుకో లోకే. మళ్లీ పోదాం."

"పోదాం గానీ విను. వాణ్ణి ఆ పడమటి గేటు దాటి నా కళ్లతో చూసేదాకా కాఫీ ముట్టను. ముట్టుకుంటే నా కళ్లు పోనీ."

మా ఊళ్లో మనిషి రొట్టె మానేస్తానంటే నమ్ముతాం, కాఫీ మానేస్తానంటే నమ్మం. కానీ నాజియే మానేసింది. తలనొప్పితో గుడ్డ కట్టుకుని తిరిగింది తప్ప ముట్టలేదు.

ఓదాలో జరిగింది రెండు రోజుల్లో ఊరంతా పాకిపోయింది. మంగలి దగ్గర మగాళ్లు సుర్రుమని చప్పుడు చేసి మరీ నవ్వుకున్నారు. సాద్రి కూడా షెడ్డులో ఆ నవ్వు విని, ఆ రాత్రి భోజనం దగ్గర మాత్రం నవ్వకుండా అడిగాడు.

"వదిలేస్తావా?"

"ఎందుకొదులుతాను?"

"ఒక్కసారి నవ్వులపాలయ్యావు. రెండోసారి ఉద్యోగం పోతుంది."

ఆ మాట నిజమే. జైలు డైరెక్టరు ఆమెను పిలిచి తలుపు వేసి చెప్పాడు: "డెన్మార్కు వాళ్లొచ్చాక తెరిచే కొత్త జైలుకి తీసుకునేవాళ్ల జాబితాలో నీ పేరుంది. జీతం దాదాపు రెట్టింపు. బయటి తిండి అక్కడ రానివ్వరు, నీకు పీతేలు కోసే పని కూడా ఉండదు, హాయిగా ఉంటావు. ఈ ఒప్పందం గురించి బయట ఒక్క మాట మాట్లాడకు. ప్రభుత్వ ఉద్యోగివి."

"నేను ఒప్పందం గురించి మాట్లాడట్లేదు సార్. బస్సు గురించి మాట్లాడుతున్నాను."

"రెండూ ఒకటే."

"రెండూ ఒకటైతే బస్సు మాట కాగితంలో ఎందుకు లేదు సార్?"

డైరెక్టరు చెడ్డవాడేం కాదు. బల్ల మీదున్న జాబితాని మడిచి సొరుగులో పెట్టేశాడు.

ఇంతలో బెచిర్ తనే ఒక అవకాశం తెచ్చి చేతిలో పెట్టాడు. పేరు మోగుతున్నప్పుడే మోగించుకోవాలని, పెళ్లిళ్లు జరిగే హాలు తీసుకుని ఊరి వాళ్లందరితో సభ పెట్టాడు. టీవీ వాళ్లని పిలిచాడు. వచ్చిన ప్రతి మనిషికీ తన ఖర్చుతో కాఫీ అన్నాడు. ఆ చివరి మాట విన్నప్పుడు జుల్ఫియే మిరపకాయల తోళ్లు ఒలుస్తోంది. చేతులు కడుక్కుని, కోటు వేసుకుని బయల్దేరింది.

తొమ్మిది రోజులు ఖైదీల ఇళ్లన్నీ తిరిగింది. ఆ ఇళ్లేవీ ఆమెకి కొత్త కాదు. ఎవరి పీతేలో ఉప్పెక్కువో, ఎవరు ఉల్లికాడలు వేస్తారో, ఎవరు పండక్కి మూట ముడి దగ్గర ఎర్ర దారం కడతారో ఆమె వేళ్లకి తెలుసు. ఒక్కొక్క ఇంట్లో ఒకటే మాట చెప్పింది: "రండి. కూర్చోండి. తాగకండి. అరవనక్కర్లేదు."

కొందరు భయపడ్డారు. ఒకావిడ, "మావాడికి లోపల ఇబ్బంది పెడితే?" అంది. జుల్ఫియే నిజమే చెప్పింది, పెట్టరని తను హామీ ఇవ్వలేనంది. ఆవిడ అయినా వచ్చింది.

సభ రోజు హాలు కిటకిటలాడింది. ఎడమ వైపు నాలుగు బల్లల చుట్టూ నలభై మంది ఆడవాళ్లు కూర్చున్నారు. నాజియే తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంది. "ఈసారి వీటిని నమ్మను," అని పక్కావిడతో అంది. కాఫీలు వచ్చాయి. వేదిక మీద బెచిర్ గౌరవం గురించి, యూరప్ గురించి, పూర్వీకుల గురించి అందంగా మాట్లాడాడు. చప్పట్లు కొట్టేవాళ్లు కొట్టారు, ఈలలు వేసేవాళ్లు వేశారు. ఒకడు లేచి, "కోపెన్‌హాగెన్ దొంగలకి మన దొంగలు తీసిపోయారా?" అంటే హాలు గొల్లుమంది.

అరగంట తర్వాత కాఫీలందించే కుర్రాళ్లు ఖాళీ కప్పులు తీయడానికి వచ్చారు. ఎడమ వైపుకి వచ్చి ఆగిపోయారు. నలభై కప్పులు అంచుదాకా నిండుగా ఉన్నాయి, నురగ ఆరి పైన గోధుమరంగు వలయం కట్టింది.

"అమ్మా, కాఫీ బాగాలేదా?" అన్నాడొకడు.

"బాగానే ఉంటుంది నాయనా. ఇంకా తాగలేదు," అంది నాజియే, హాలంతా వినబడేలా.

ముందు దగ్గరి బల్లలు మౌనమయ్యాయి, తర్వాత దూరపువి. ఆ కప్పులంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. బెచిర్ మాట మధ్యలో ఆగి ఎడమ వైపు చూశాడు. కెమెరాలూ అటే తిరిగాయి. అప్పుడు జుల్ఫియే తన కప్పు పట్టుకుని లేచి, నడుచుకుంటూ వెళ్లి, ఒక్క చుక్క తొణక్కుండా ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"అన్నా, నీ ఇంట్లో ఒకసారి అడిగాను. మావల్ల పొరపాటు జరిగింది, నవ్వావు. నవ్వొచ్చు, తప్పు లేదు. ఇప్పుడు నలభై మంది అడుగుతున్నాం, ఒక్క గుక్క దిగలేదు. బస్సు రాతలో ఉంటేనే నీ చెయ్యి లేవాలి. లేకపోతే లేవకూడదు. మాటిస్తావా, ఇలాగే లేచి వెళ్లిపొమ్మంటావా?"

"చెల్లెమ్మా, ఇది ఒప్పందం, రెండు దేశాల..."

"రెండు దేశాల్లో ఒక దేశం మాదే కదన్నా."

ఎవరూ నవ్వలేదు. కుడి వైపు బల్లల్లో ఒక ముసలాయన, ఖైదీలతో ఏ సంబంధమూ లేని ముసలాయన, సగం తాగిన కప్పుని మెల్లగా ముందుకి తోసేశాడు. పక్కవాడూ తోశాడు. గాజు బల్లల మీద కప్పులు జరిగే చప్పుడు హాలంతా పాకింది. బెచిర్ ఆ చప్పుడు విన్నాడు. రాజకీయం నేర్చినవాడే గానీ, ఆ తాతకి మనవడు కూడా.

గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బేసా," అన్నాడు. బేసా అంటే ప్రాణం పెట్టి నిలుపుకోవాల్సిన మాట, ఒకసారి నోరు దాటితే మావాళ్లకి వెనక్కి తీసుకోవడం ఉండదు.

జుల్ఫియే అక్కడే నిలబడి, చల్లారి మడ్డి అయిన కాఫీని ఒక్క దమ్మున తాగి కప్పు బోర్లించింది. ఆడవాళ్లంతా తాగారు, ఒక్క నాజియే తప్ప. "నా ఒట్టు వేరు," అంది.

తర్వాత జరిగింది టీవీలో అందరం చూశాం. పార్లమెంటులో రోజంతా తిట్టుకున్నారు. సాయంత్రం బెచిర్ లేచి తన మాట చెప్పాడు. వాళ్ల పార్టీ వాళ్లే కళ్లెర్రజేశారు. మంత్రి కాగితం మీద ఏదో రాసుకుని, మళ్లీ లేచి, రెండు వారాలకోసారి శనివారం తూర్పున ఉన్న మా ఊరి నుంచి ఉచితంగా బస్సు నడుపుతామని రికార్డులోకి చదివాడు. చేతులు లేచాయి. ఎనభై ఒకటి.

"చూశావా, నీ బెచిర్ లేకపోయినా అయిపోయేది," అన్నాడు సాద్రి.

"చేతులు లేచాక అందరికీ తెలుస్తుంది. లేవకముందు వాళ్లకి తెలిసిందా?" అంది జుల్ఫియే, కళ్లు తుడుచుకుంటూ.

కొత్త జైలు జాబితా చలికాలంలో వచ్చింది. అందులో ఆమె పేరు లేదు. డైరెక్టరు ఏదో చెప్పబోతే, "వద్దు సార్, తెలిసే చేశాను," అంది. బాధ లేదంటే అబద్ధం. మార్చి ఆఖరి రోజున తన కత్తిని కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. మూడో రోజు సాద్రి షెడ్డులో రసీదులు సర్దుతూ కనిపించింది.

మొదటి బస్సు ఏప్రిల్లో ఒక శనివారం బయల్దేరింది. జుల్ఫియేకి అందులో పనేమీ లేదు, తొమ్మిదికల్లా చేరుతుందా లేదా చూద్దామని ఎక్కింది. ముప్ఫై నాలుగు మంది, ముప్ఫై నాలుగు మూటలు, బస్సంతా పీతే వాసన. చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. ఆమె గడియారం చూసి, డ్రైవరుకీ చూపించింది.

గేటు దగ్గర ఉన్న చిన్నపిల్ల, కొత్త గార్డు, నాజియే పీతే తీసుకుని పైనుంచి కత్తి దించబోయింది. జుల్ఫియే చెయ్యి అడ్డం పెట్టింది.

"తిరగేసి కొయ్యమ్మా."

"ఎందుకాంటీ? ఎలా కోసినా ఒకటేగా?"

"నువ్వు తిరగేసి చూడు. అడుగు నుంచి పొర వెంట. నీకే తెలుస్తుంది."

ఆ పిల్ల ఆమె మొహం చూసి, ఇంకేం వాదించకుండా పీతేని బోర్లించింది. పైపొర చెదరకుండా లోపలికి వెళ్లింది. వెనకే నాజియే, గోడ పట్టుకుంటూ వెళ్లింది.

పదకొండుకి జైలు ఎదురుగా ఉన్న టీ కొట్టులో జుల్ఫియే కూర్చుని ఉంటే నాజియే రోడ్డు దాటి వచ్చింది. కుర్చీలో కూలబడింది. ముఖం అంతా తడిసి ఉంది, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"చూశావా లోకే?"

"చూశాను. చిక్కాడు. పీతే నా కళ్ల ముందే సగం తినేశాడు వెధవ." ముక్కు చీదింది. "ఉప్పు తక్కువైందన్నాడు."

జుల్ఫియే కొట్టువాడికి వేలు చూపించింది. కాఫీ వచ్చింది. నాజియే దాని వైపు చూసింది, రోడ్డుకి అవతల ఉన్న గేటు వైపు చూసింది. ఆరు నెలలుగా ఒడిలో దాచుకున్న కుడి చెయ్యి చాపి కప్పు ఎత్తి, సుర్రుమని చప్పుడు చేసి మరీ తాగింది. అడుగున మడ్డి కనిపించేదాకా ఆపలేదు.

కప్పు దించి, "ఇంకోటి చెప్పు బిడ్డా," అంది.